రెండు చరుపులు

లోపలే పడకలుండే నా ఆర్వీ బండిని మా చెల్లెలు వెర్నా ఇంటి ముందు రోడ్డు మీదే ఆపాను. అయోవాలో తమ్ముడింటి దగ్గరా, నెబ్రాస్కాలో మేనకోడలి ఇంటి దగ్గరా కూడా ఇలాగే రోడ్డు మీద ఆపి, బండిలోనే ఒక్కదాన్నే పడుకున్నాను.

వెర్నా చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డతో బయటికొచ్చింది.

"ఏంటక్కా, మా వాకిట్లోకి రావడానికి నామోషీయా? నీకు పొగరెక్కిందని అందరూ అంటుంటే నేనే కాదన్నాను."

"లోపలికి రావాలంటే బండిని వెనక్కి పోనివ్వాలి కదే."

"పదేళ్లుగా నడుపుతున్నావు, అదీ రాదా?"

"వెనక టోబిన్ నిలబడి చెప్పేవాడు."

మార్చిలో నా కొడుకు టోబిన్‌ని సమాధి చేసిన రోజు నన్ను పట్టుకుని నిలబడింది వెర్నాయే. గుడ్డ భుజాన వేసుకుని బండి వెనక్కి వెళ్లింది.

"రా, రా... ఎడమకి తిప్పు! నా గులాబీలు తొక్కావంటే నీకు భోజనం లేదు!"

మెల్లగా వెనక్కి పోనిచ్చాను. ఇక ఆగమని చెప్పడానికి టోబిన్ బండిని రెండుసార్లు చరిచేవాడు. వెర్నా కూడా అలాగే చరిచింది.

"చాలా నాన్నా?" అని అలవాటుగా అరిచాను.

వెనక నుంచి మళ్లీ మెల్లగా రెండు చరుపులు వినిపించాయి.