గెలిచిన వాదన

"సార్, ఈ చీటీ మార్చండి. మా ఊరి రేవునే మూసెయ్యాలని నేనెలా వాదిస్తాను?"

షియానా చీటీని బల్ల మీద పెట్టేసింది. ఐరోపా వ్యవహారాల పీజీలో ఆఖరి పరీక్ష అది. స్పెయిన్‌లోని ఒబ్రెగా చేపల రేవును ఉంచాలా, మూయాలా అన్నది చర్చ. మూయాలనే అధికారి పాత్ర ఆమెకొచ్చింది.

ప్రొఫెసర్ వాండెవాలె కళ్లజోడు తుడుచుకున్నాడు. "రేపు బ్రస్సెల్స్‌లో ఐరోపా సమాఖ్య ఉద్యోగమొస్తే ఫైలు కూడా నువ్వే ఎంచుకుంటావా? ఆ కుర్చీలో కూర్చున్నాక సొంత ఊరంటూ ఉండదమ్మాయ్. చేతకాకపోతే చెప్పు, సున్నా వేసేస్తా."

రేవును ఉంచాలనే మంత్రి పాత్ర దక్కిన రాడిమ్ వెనక నుంచి నవ్వాడు. "వదిలేయండి సార్, ఏడ్చేస్తుంది. మీ రేవును నేను కాపాడతాలే షియానా!"

సముద్రమే లేని చెక్ దేశం వాడు. ఆమెకు ఒళ్లు మండింది. చీటీ లాక్కుని మైకు ముందుకెళ్లింది.

"నూట నలభై కుటుంబాల పొట్ట కొడతారా?" అని మొదలుపెట్టాడు రాడిమ్.

"ఆ కుటుంబాలు సముద్రం పొట్ట కొడుతున్నాయిగా! పట్టకూడని పిల్లచేపల్ని మంచుపెట్టెల అడుగున దాస్తారు. పైన పెద్దవి పేరుస్తారు. తూకం వేసేవాడు పైవరసే చూస్తాడు. అడుగువి దొడ్డిదారిన హోటళ్లకు పోతాయి."

"కట్టుకథ!"

"కట్టుకథా? మా నాన్న పడవలో ఆ పెట్టెలు పదేళ్లు నేనే సర్దాను!"

చేతులెత్తమంటే తరగతిలోని పదకొండు మందిలో తొమ్మిది మంది రేవు మూయాలన్నారు. వాండెవాలె లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. షియానాకు ఒక్క క్షణం నాన్న ముఖం కళ్లలో మెదిలింది. ఒట్టి పరీక్షే కదా అనుకుంది.

ఉద్యోగాలకు మనుషుల్ని ఏరుకోవడానికి బ్రస్సెల్స్ నుంచి వచ్చిన అధికారిణి లింట్‌నర్ వెనక వరసలోంచి వచ్చి చెయ్యి కలిపింది.

"ఇరవై ఏళ్లుగా వస్తున్నాను, ఇలాంటి వాదన వినలేదు. సోమవారం వచ్చి చేరిపో."

షియానా కళ్లు చెమర్చాయి. "ఏ విభాగంలో మేడమ్?"

"చేపలవేట తనిఖీ. ఒబ్రెగా మీద రెండేళ్లుగా ఆరా తీస్తున్నాం, నోరు విప్పే మనిషి ఒక్కరూ దొరకలేదు."

షియానా చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. లింట్‌నర్ వదల్లేదు. రెండో చేత్తో కలం తీసింది.

"ఊఁ, మీ నాన్న పడవ పేరు చెప్పు."