ఊరికే వచ్చిన కుర్చీ

మార్చి పదకొండో తారీఖు దర్జీకి అరటిపండుతో గుర్తు. ఆ రోజు పండు మెత్తగా మెదిపి, పాలు కలిపి, ఒళ్లో వాల్చుకున్న కూతురికి తినిపిస్తున్నాడు. మూడో చెంచాకి పాప పెదాలు నీలంగా మారాయి.

ఆసుపత్రి నుంచి పాపతోనే తిరిగొచ్చారు. డాక్టరమ్మ మాట కూడా వెంట వచ్చింది.

"పుట్టినప్పుడే మెదడు దెబ్బతింది కదా, కండరాలు తన మాట వినవు. ఇలా వాల్చి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకోసారి జరిగితే నేను మాటివ్వలేను. మెడకీ నడుముకీ ఆసరా ఉండే కుర్చీ చూడండి."

చూడండి అన్నంత తేలిక కాదు చూడటం. మందుల షాపులో అమ్మే చక్రాల కుర్చీలో ఆరేళ్ల పాప గోనెసంచిలా పక్కకి జారిపోయింది. కొలతలిచ్చి చేయిస్తే రావడానికి నెలలు పడతాయన్నారు. అప్పటిదాకా ప్రతి ముద్దా గండమే. పాపకి తినిపించే వేళ దర్జీ భార్య గోడవైపు తిరిగి నిలబడేది.

ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో దర్జీ తన అవసరం రాశాడు. మర్నాడు సాయంత్రం కొట్లో కాజాలు కుడుతుంటే ఫోను మోగింది.

"కు... ర్చీ... ఉం... ది."

మగగొంతు. నాలుక మడతపడుతోంది. మాటకీ మాటకీ మధ్య బరువైన ఊపిరి.

"ఎవరండీ?"

"మె... డ... ఎటు... వాలు... తుంది?"

"ఎడమకి."

"నిద్దట్లో... కాళ్లు... బిగు... సుకుని... ఏడు... స్తుందా?"

దర్జీ చేతిలో సూది ఆగిపోయింది. ఏడుస్తుంది. కానీ ఆ సంగతి గ్రూపులో రాయలేదు.

"డబ్బు... వద్దు. వచ్చి... తీసు... కెళ్లండి."

పక్కనే టీ తాగుతున్న బావమరిది ఫోనుకి చెవి ఆనించి అంతా విన్నాడు. సామాన్ల వ్యాను నడుపుతాడు. వ్యానుకి బ్రేకులున్నాయి గానీ నోటికి లేవు.

"తప్పతాగి ఉన్నాడు బావా! పొద్దు గుంకకముందే ఇలా ఉంటే గుంకాక ఇంకెలా ఉంటాడో! ఎలుకకి ఊరికే దొరికేది బోనులో ముక్కే, గుర్తు పెట్టుకో."

"మెల్లిగా అనరా, వింటాడు."

"విననీ. తాగినోడికి తెల్లారితే గుర్తుంటుందా ఏంటి?"

అవతల ఊపిరి ఆగింది. ఫోను పెట్టేసిన చప్పుడు కూడా లేదు. కాసేపటికి చిరునామా మాత్రం మెసేజీగా వచ్చింది.

ఇంటికెళ్లేసరికి పాప మంచం మీద ఉంది. ఎప్పటిలాగే చేతులు మణికట్ల దగ్గర లోపలికి వంగి, బొటనవేళ్లు గుప్పిళ్లలో దాక్కుని ఉన్నాయి.

"ఏం దాచావే దొంగా? మామయ్యకి చూపించవూ?" అని బావమరిది ఆ గుప్పిట్లో ఊదాడు. పాప నోరంతా తెరిచి నవ్వింది. వాడి నోరు ఎలాంటిదైనా ఆ నవ్వు వాడికే వస్తుంది. మొన్న బస్సులో ఎవరో పెద్దమనిషి "పిల్లకేం మత్తుమందు పట్టారు?" అన్నప్పుడు, ఆయన దిగిపోయేదాకా పోట్లాడింది కూడా వాడే.

దర్జీ భార్య విషయం విని గొంతు తగ్గించింది. "ఆ కుర్చీ ఎవరిదట? ఆ బిడ్డ ఏమైందట?"

"అడగలేదు."

"పోయిన బిడ్డదైతే మాత్రం మనకొద్దు."

మంచం మీద పాప గొంతులో గురగుర మొదలైంది. ముగ్గురూ అది తగ్గేదాకా కదల్లేదు.

"ఎవరిదైతేనేం, తీసుకురండి," అందామె.

మర్నాడు చీకటి పడే వేళకి వ్యాను మెసేజీలోని చిరునామా వెతుక్కుంటూ ఒక సందు చివర ఆగింది. బావమరిది సీటు కింద నుంచి స్పానరు తీసి జేబులో వేసుకున్నాడు. తట్టకముందే తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ వరండా దీపం వేసి, పక్కకి జరిగి నిలబడింది. మొహంలో నవ్వు లేదు.

"మా అబ్బాయి లోపలున్నాడు. తనే దగ్గరుండి అన్నీ చూపిద్దామనుకున్నాడు. ఫోన్లో మీరన్న మాట విన్నాక రానన్నాడు."

బావమరిది స్పానరున్న జేబు మీద చెయ్యి కప్పుకున్నాడు.

కుర్చీ వరండాలోనే ఉంది. కడిగి తుడిచిన చిన్న కుర్చీ. తల ఆనే చోట ఎడమవైపు బట్ట అరిగి నునుపెక్కింది. ఛాతీ పట్టీ అంచున చిన్న చిన్న పంటిగాట్లు. దర్జీ వాటిమీద వేలు పెట్టి తీసేశాడు.

"మళ్లీ మీకు అవసరం పడదా అమ్మా?" అన్నాడు బావమరిది.

"ఇక ఈ ఇంట్లో దీనికి పని లేదు నాయనా."

దర్జీకి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ఇంతలో ఓరగా వేసిన లోపలి గది తలుపు వెనకనుంచి ఆ గొంతు వచ్చింది.

"ప... ట్టీ... గట్టిగా... కట్ట... కండి. ఊపిరి... ఆడదు."

దర్జీ పట్టీ వైపు చూశాడు. ఆ బిడ్డకి అలాగే జరిగిందా? ఇదే పట్టీతోనా? కుర్చీ ఎత్తి వ్యానులో పెడుతున్నంతసేపూ అతను దాని ఖాళీ వైపు చూడలేదు.

"పాపం బావా," అన్నాడు బావమరిది తాడు బిగిస్తూ. ఈసారి మెల్లిగానే. "బిడ్డ పోతే ఎవడు మాత్రం తాగడు?"

తన పాపకే ఏదైనా అయితే, రేపు కొట్టుకి ఎవరైనా ఫోను చేసినప్పుడు తన గొంతు ఎలా ఉంటుందో అనుకున్నాడు దర్జీ. వెనక్కి నడిచి మళ్లీ వరండా ఎక్కాడు.

"అయ్యా, మా వాడి మాటకి నేను క్షమాపణ అడుగుతున్నాను," అన్నాడు తలుపు సందులోని చీకటితో. "మీ బిడ్డ కుర్చీని కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాం."

లోపలినుంచి నవ్వో ఏడుపో తెలియని చిన్న కూత. గది తలుపు నెమ్మదిగా, ఆ రాత్రికి ఇక చాలన్నట్టు, మూసుకోసాగింది. మూసే చేతిమీద వరండా దీపం వెలుగు పడింది.

పాప చేతిలాగే అది మణికట్టు దగ్గర లోపలికి వంగి, బొటనవేలు గుప్పిట్లో దాక్కుని ఉంది.