ఆవిరి కడుగుడు

"దీనితోని రంగు పోతదా?"

అడిగినాయనకు కారు లేదు. సైకిలు కూడా లేదు. భుజాన తువ్వాలుతో, మోకాళ్ల దాకా దుమ్ముతో ఖాజాగూడ దిక్కు నుంచి నడిచి వచ్చినట్టున్నాడు.

ఓదెలు నవ్వాడు. కార్లు కడిగే తన షెడ్డులో ఆవిరి మిషను పెట్టినప్పటి నుంచి ఈ ప్రశ్న అడగని మనిషి లేడు.

"కంపెనీ ఏసిన రంగైతే ఏం గాదు పెద్దాయనా. సొట్ట పడ్డ తాన లప్పం పెట్టి మళ్ల ఏసిన రంగైతే మాత్రం, పొక్కులొచ్చి లేస్తది."

ఆ మాటకు ముసలాయన కళ్లు వెలిగాయి. అక్కడే ఓ బండరాయి మీద కూర్చుండిపోయాడు. పేరు సాయిలు అన్నాడు. పనేమిటో చెప్పలేదు.

లోపల పిల్లను జోకొడుతున్న నీలమ్మకు ఆ వాలకం నచ్చలేదు.

నీలమ్మ ఓదెలు భార్య. ఏడో తరగతిలో బడి మానిపించి పెళ్లి చేశారు. ఏ సంగతికైనా ముందు భయపడి, తర్వాత ఆలోచించే మనిషి.

భయపడక చస్తుందా? సైబర్ టవర్స్‌కు ఇంకా అద్దాలు బిగిస్తున్నారు. చుట్టూ ఎక్కడ చూసినా బోర్లు వేస్తూనే ఉన్నారు. ఆ ఎండాకాలం షెడ్డు బోరు నీళ్లకు బదులు దుమ్ము కక్కింది. బకెట్టు నీళ్లతో కారును అద్దంలా చేసే ఈ మిషనొక్కటే వాళ్లను పట్నంలో నిలబెట్టింది.

ఆవిరికి రంగు పోతుందన్న మాట ఒక్కటి పుట్టిందా, తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. ఊరికి పోయి తినడానికి ఎండిన చెలక భూమి తప్ప ఏమీ లేదు.

సాయిలు మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

వచ్చిన ప్రతి కారు చుట్టూ తిరిగేవాడు. ముందు చక్రం దగ్గర, ఎడమవైపు వంగి వేలితో తట్టి చూసేవాడు. ఈడ జర దగ్గరగ పట్టు కొడుకా అని ఓదెలును బతిమాలేవాడు.

కార్లవాళ్లు విసుక్కున్నారు. నా కారు రంగు ఊడాలని మొక్కుకున్నాడా ఏమిటి ఈ ముసలాడు అంటూ ఒకాయన పని సగంలో ఆపించి వెళ్లిపోయాడు.

బేరం చెడగొట్టడానికి కొండాపూర్ షెడ్డువాళ్లు పంపిన మనిషేమోనని టీ బండి మొగిలి అనుమానం.

నీలమ్మ భయం వేరు. కార్లు లేనప్పుడు ముసలాయన ఆమె పిల్ల వంకే చూస్తుండేవాడు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ల గురించి విన్నవన్నీ ఆమెకు గుర్తొచ్చేవి. పిల్లను కొంగుతో కప్పేది.

ఒకనాడు అతను పిల్ల తల మీద చెయ్యి పెట్టబోయాడు.

నీలమ్మ గబుక్కున లేచింది.

"ఇల్లూ వాకిలీ లేదా నీకు? మా నోటికాడి కూడు పడగొట్టనీకి వస్తున్నవా? ఇంకోపారి కనవడితే పోలీసోళ్లను పిలుస్త."

సాయిలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పిలువు బిడ్డా. నేను పిలిస్తె వస్తలేరు."

తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ముసలోడికి ఎటకారం కూడా వచ్చునని మొగిలి నవ్వాడు. పీడ పోయిందని నీలమ్మ పిల్లకు దిష్టి తీసింది.

కొన్నాళ్లకు ఓ ఎర్ర కారు వచ్చింది.

దిగినాయన పెద్ద ఆఫీసరు, మర్యాదస్తుడు. లోపల సీట్లు శుభ్రం చేస్తే చాలని చెప్పి టీ తాగడానికి మొగిలి బండి దగ్గరికి నడిచాడు.

కొత్త బేరం కదా, సారు సంతోషిస్తాడని ఓదెలు బయట కూడా ఆవిరి పట్టాడు.

ఎడమవైపు మడ్‌గార్డు మీద పొక్కు లేచింది. చూస్తుండగానే అరచేతంత రంగు పెచ్చులుగా రాలింది. లోపల లప్పం, దాని అంచున తెల్లగా పాత రంగు.

ఇక ఊరి బస్సెక్కడమే అనుకుంది నీలమ్మ.

ఆయన వచ్చి చూశాడు. కేకలు వెయ్యలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఈ సంగతి మీరెవరికీ చెప్పకండి, నేనూ చెప్పను. పొద్దుగూకేలోపు రంగు వేయించి ఇచ్చేయండి, చాలు."

ఓదెలు కాళ్లు మొక్కినంత పని చేశాడు. ఉరుకులు పరుగుల మీద పెయింటరును పట్టుకొచ్చి, లప్పం మెత్తించి, ఎర్ర రంగు కొట్టించాడు.

రాలిన పెచ్చులను నీలమ్మే ఒక్కటి మిగలకుండా ఏరింది. ఎవరి కంటా పడకూడదని పొయ్యిలో వేసి కాల్చేసింది.

కారు కదులుతుంటే రెండు చేతులూ జోడించింది. ఇలాంటి ధర్మాత్ములు ఉండబట్టే నాలుగు చినుకులు పడుతున్నాయనుకుంది.

ఆ కారు మళ్లీ రాలేదు.

తొలకరి పడ్డాక ఒక ముసలామె వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా కార్ల దిక్కు చూస్తూ నిలబడింది. ఎవరు కావాలమ్మా అని నీలమ్మే పలకరించింది.

"సాయిలు పెండ్లాన్ని బిడ్డా, బుచ్చమ్మను. మా ఆయన మంచంల పడ్డడు, నోటి మాట పోయింది. చెయ్యెత్తి ఇటే చూపెడ్తున్నడు. ఆయనకు బదులు నేనొచ్చిన."

నీలమ్మ సాయిలు కూర్చునే బండరాయి దిక్కు చూసింది.

"ఏం దేవులాడుతున్నరు పెద్దమ్మా?"

బుచ్చమ్మ ఆమె చంకలోని పిల్లను చూస్తూ చెప్పింది.

"కొత్తగూడ చౌరస్తాల ఓ తెల్ల కారు మా మనవరాలిని గుద్ది ఆగకుండ పోయింది. దానికి వేరే రంగేసి తిప్పుతున్నరని ఎవలో చెప్పిండ్రు. ఆ రంగు మీ ఆవిరికి ఊడితే సాలు, పిల్లను సంపినోడు దొరుకుతడని మా ఆయన దినాం ఈడ నిలవడ్డడు బిడ్డా."