పండిన ప్రోగ్రాము

“పత్తిని ముట్టకుండానే రకం సెప్తాదా నీ డబ్బా? కూర నోట్లో ఏసుకోకుండా ఉప్పు సాల్లేదన్నట్టుందప్పా!” అన్నాడు యూసుఫ్ సాబ్.

ఆదోని మార్కెట్ యార్డులో కంప్యూటరు ముందు కూర్చున్న జయన్న తలెత్తలేదు. పరిశోధన కేంద్రంలో ఉద్యోగం అతనిది. ఏడాదిపాటు యూసుఫ్ సాబ్ పక్కనే కూర్చుని, పత్తి రకం చెప్పే ప్రోగ్రాము రాసుకొచ్చాడు. “అది ప్రశ్న అడుగుతాది సాబూ. మనం జవాబు నొక్కితే రకం సెప్తాది,” అన్నాడు.

అది ఎనభై ఏడో సంవత్సరం. యార్డులో సగం మందికి కంప్యూటరంటే టీవీయే. ఆ ప్రోగ్రాము పండిందా, ఇంకా పచ్చిగానే ఉందా అని మార్కులు వేయడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద సారు దిగాడు. పండిందంటే మార్కెట్లన్నిటికీ పంపిస్తారు. యూసుఫ్ సాబ్‌ను ఇంటికి పంపిస్తారు. ముప్పై ఏళ్లుగా ఆదోనిలో ఎవరి పత్తి ఎన్నో రకమో తేల్చింది ఆయన వేళ్లే. ఎంత మేలైన పత్తినీ ఏనాడూ మెచ్చుకోని మనిషి, ఈ పెట్టెను మెచ్చుకుంటాడా?

“ఐదు రాసులు పెట్టించండి. సాబు తన మాట నాకొక్కడికే చెప్పాలి,” అన్నాడు సారు.

“దానికేముంది, తువ్వాల కింద సెప్తా.” ధర పైకి తెలియకుండా దళారులు వేళ్లు పట్టి చెప్పుకునే పద్ధతే అది.

యూసుఫ్ సాబ్ మొదటి రాశిలోంచి చిటికెడు తీసి పోగు లాగాడు. మూతి విరిచాడు. తువ్వాల కింద సారు వేలు ఒకటి నొక్కాడు. జయన్న టక్కుమని మీట కొట్టాడు. తెర మీద ఒకటి అంకె పడింది. సారు తలూపాడు.

“థూ! వాన్లో నానబెట్టి తెచ్చినాడు. వీనికి సిగ్గుండల్ల!” రెండో రాశి పక్కన ఉమ్మాడు సాబు. తువ్వాల కింద మూడు వేళ్లు. తెర మీదా మూడే.

మూడో రాశికి ముక్కు చిట్లించాడు. ఇక్కడా రెండు, అక్కడా రెండు. మిగిలిన రెండు రాసులూ అలాగే కలిశాయి. హమాలీలు నోళ్లు తెరిచారు. యూసుఫ్ సాబ్ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ముప్పై ఏళ్ల పరువు ఒక డబ్బా ముందు మట్టిలో కలిసిపోయింది.

“నూటికి నూరు! ఎవరు కూర్చున్నా పనిచేస్తుందా?” సారు కలం తీశాడు.

“సదువు రానోడు కూర్చున్నా పనిసేస్తాది సార్. ఒకటే ప్రశ్న.”

“భేష్! రేపే ఎమ్మిగనూరు మార్కెట్టుకి పంపిద్దాం.”

జయన్న గబుక్కున లేచాడు. “ఎమ్మిగనూర్లో... పనిసేయదు సార్.”

“అదేమిటి?”

జయన్న మీటల మీద దుమ్ము తుడవసాగాడు.

“నాకు ఇంగిలీసు రాదు సార్,” అన్నాడు యూసుఫ్ సాబ్ నీరసంగా. “అది ఏమడుగుతాదో సదివి సెప్పండి. ఓడినోడికి ఆ మాత్రం తెలియల్ల గదా.”

సారు కళ్లజోడు సర్దుకుని, తెర దగ్గరికి వంగి, తెలుగులో గట్టిగా చదివాడు:

“పత్తి చూసి యూసుఫ్ సాబ్ ఏం చేశాడు? మూతి విరిస్తే ఒకటి నొక్కుము. ముక్కు చిట్లిస్తే రెండు. ఉమ్మితే మూడు.”