గుంజ పక్క చోటు

కళ్లంలో వరి తొక్కించడానికి పశువులను వరసగా నడుమ పాతిన గుంజకు కట్టేవారు. గుంజ పక్కనున్నది నింపాదిగా తిరిగితే చాలు, చివరనున్నది పరుగెత్తాలి. ఆ చివరి చోటు ఎన్నో ఏళ్లుగా పుల్లన్న అనే ఎద్దుది.

ఈ ఏడు అతని మోకాలు వాచింది. ఆ నొప్పి ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది పక్కనున్న కోడె మైలోడి మాట.

“కాలు ఈడుస్తున్నావు తాతా! పోయి నీడన పడుకో. నువ్వు లేకపోతే వడ్లు రాలవా?”

పుల్లన్నకు ఒళ్లు మండింది. ఇంకా రెండు మూడు పంటలు చేయగల ఒళ్లే! అయినా, “రేపటినుంచి నేను లేవను” అని అందరికీ చెప్పి పడుకున్నాడు. ఒళ్లు అలిసి మానేసేవాళ్లు కొందరే. అక్కర్లేదనిపించుకుని మానేసేవాళ్లే లోకం నిండా!

తెల్లారి, ఎప్పుడూ గుంజ పక్కన తిరిగే ఆవు చుక్కమ్మ వెళ్లి వరస చివర నిలబడింది.

“నువ్వు లోపలికి, గుంజ పక్కకు పో అన్నా.”

“నీ జాలి నాకక్కర్లేదు.”

“జాలా, నా మొహమా! ఈ కోడె దూకుడుకి గడ్డి చెదురుతోంది గానీ గింజ రాలడం లేదు. లోపల నీలాంటివాడు నిదానంగా అడుగేసి నడవకపోతే మా కష్టమంతా గంగలో కలిసినట్టే. లే!”

పుల్లన్న లేచాడు. గుంజ పక్కన రెండు చుట్లు తిరిగాక అన్నాడు.

“చుక్కమ్మా, నీ మేలు...”

“మేలు తర్వాత! ముందు కాస్త మెల్లగా నడువు, పరుగెత్తలేక చస్తున్నా!”

పుల్లన్న అడుగు తగ్గించాడు. తన కుంటి నడక కూడా ఒకరికి సాయమైందని తెలిసి, చెమర్చిన కళ్లతో, మనసులోనే ఆమెకు మొక్కాడు.