అడ్డాకు దొన్నెలో తేనె

గుమ్మం ముందు నిలబడ్డ ముసలమ్మను చూసి పనివాడు గాసి నీళ్ల కావడి దించేశాడు.

ఆమె చేతిలో అడ్డాకు దొన్నె. దొన్నెలో తేనె.

“ఈయమ్మ ఇక్కడికెందుకొచ్చింది?” అని గొణుక్కున్నాడు.

లోపల మంచం మీద ఆరేళ్ల కనక. పొద్దుటి నుంచీ స్మారకం లేదు. పళ్లు గిట్టకరుచుకుని ఉండుండి విల్లులా వంగిపోతోంది.

తండ్రి లక్ష్మణరావు హుకుంపేట ఆసుపత్రిలో కాంపౌండరు. మన్యంలో పితూరీ అణిగిన ఏడాది విజయనగరం నుంచి వచ్చాడు. కూతురికి మళ్లీ క్వినైను సూది వేసి, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అంతకు మించి ఆ ఆసుపత్రిలో మందు లేదు.

“జ్వరం తలకెక్కితే ఎవరూ లేవరంటన్నారు” అంది భార్య రాజులమ్మ.

“నేను లేవలేదుటే? నిరుడు నువ్వింకా ఈ కొండెక్కలేదు. ఇదే జ్వరం, ఇదే సూది. చచ్చిపోయిన మా అమ్మ కల్లోకొచ్చి ఏదో తియ్యగా నాకించింది. కళ్లు తెరిచాను.”

ఈలోగా ముసలమ్మ లోపలికొచ్చింది. పిల్ల పాదాల మీదకు దుప్పటి లాగి, తేనెలో వేలు ముంచింది.

“ఏయ్! ఏం చేస్తున్నావు?” లక్ష్మణరావు లేచాడు.

“పెదాలకి రాత్తాను బాబూ. కొంచిమే.”

“స్మారకం లేని పిల్ల నోట్లో ఏమీ వెయ్యకూడదు. పైగా జ్వరానికి లంఖణం ఉండాలి.”

“కొయినా మాత్రలు మింగిన నోరు. సేదుగా ఉంటాది బాబూ.”

“ఎవరు గాసీ ఈవిడ?” రాజులమ్మ అడిగింది.

గాసి తల దించుకున్నాడు.

“పోయేవోళ్ల ఇళ్లకే వస్తాదమ్మా.”

“నా గుంటకేటీ అవనేదు! బేగి పొమ్మనండి దాన్ని!”

లక్ష్మణరావు ముసలమ్మ భుజం పట్టి బయటకు నెట్టాడు. ఆమెకు కోపం రాలేదు. దొన్నె ఒలకకుండా అరుగు మీద పెట్టింది.

“నువ్వైనా రాయి బాబూ.”

అంతే. కొండదారి పట్టి వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే కనక పోయింది.

పిల్లను పూడ్చి వచ్చేసరికి దొన్నె అరుగు మీదే ఉంది. చీమలు బారు తీరాయి. లక్ష్మణరావు దాన్ని విసిరేద్దామని ఎత్తాడు. తేనె వేలి మీదుగా కారింది. ఎందుకో, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

ఇప్పపువ్వు వాసన. చివర్న కాస్త వగరు.

ఎరిగిన రుచి.

“గాసీ, ఆవిడ వైద్యం చేస్తుందా?”

గాసి పారకంటిన మట్టి కడుగుతున్నాడు.

“వైద్యమేటి బాబూ! ఆయమ్మకి మందులేటీ తెలవ్వు. పోయేవోళ్లు సేదు నోటితో పోకూడదని రాస్తాది. అంతే.”

“రాసినవాళ్లలో ఎవరైనా లేచారా?”

గాసి పారను గోడకు చేరవేశాడు.

“ఒక్కడే బాబూ. నిరుడు మేం నీకు కట్టెలు కూడా కొట్టీసినాం. ఆయమ్మ నీ తల ఒళ్లో ఎట్టుకుని పొద్దల్లా రాత్తానే ఉంది. నువ్వు కళ్లు తెరిసి, ఆయమ్మనే ‘అమ్మా’ అని పిలిసినావు.”