పొద్దుటి బడ్జెట్

ఏడాదికోసారి పెట్టే రాష్ట్ర బడ్జెట్‌ను ఇప్పుడు యంత్రమే రోజూ పొద్దున్నే ప్రతిపాదించి, ఇంటింటినీ ఒప్పుదల అడుగుతోంది.

సన్యాసమ్మ మంచినీళ్ల గ్లాసు ఎత్తబోతుంటే గోడమీది పెట్టె పలికింది. "మీ వార్డుకు ఈరోజు డయాలసిస్, బడి భోజనం, రెండింట్లో ఒకదానికే నిధులున్నాయండి. ఏది ఉంచమంటారు?"

కోడలు ఉప్మా కలుపుతూనే అడిగింది. "ఏటి చెప్పమంటావత్తా?"

"మొన్న నాకే కదా ఉంచినాం. ఈయేల బడికి చెప్పెయ్."

కోడలు చెప్పేసింది. పెట్టె ధన్యవాదాలు తెలిపింది.

"ఈయేల గుడ్డు పెడతారేటే?" అని సన్యాసమ్మ మనవరాలిని అడిగింది. పిల్ల తలూపింది.

డయాలసిస్ లేని రోజు నీళ్లు తక్కువ తాగాలి. సన్యాసమ్మ గ్లాసులో సగం బిందెలోకి వంపేసి, మిగిలిన సగం సాయంత్రానికని మూత పెట్టింది.